మూడో తీగ

సీతారాములు తువ్వాలు ఇంకా స్తంభం మీదే ఉంది. పైన అడ్డకడ్డీకి చిక్కుకుని, గాలి వచ్చినప్పుడల్లా ఒక కొస లేచి ఊగుతుంది, గాలి ఆగగానే వాలిపోతుంది. ఎర్రగళ్ళ తువ్వాలు ఎండకు వెలిసి ఇప్పుడు ఏ రంగో చెప్పడానికి లేదు. దాన్ని దించడానికి ఆ స్తంభం ఎక్కేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. లైన్‌మన్ ఒకసారి వచ్చి, కింద నిలబడి తలెత్తి చూసి, నిచ్చెన మర్చిపోయానని హిందీలో చెప్పి వెళ్ళాడు. ఆ నిచ్చెన ఆయనకు ఇంతవరకూ గుర్తుకు రాలేదు. తెగిన తీగ తెగినట్టే ఉంది, ఊరికి మూడు ఫేజుల బదులు రెండే వస్తున్నాయి.

సోమక్క రోజూ పొద్దున్నే ఇప్పపూల గంప ఎత్తుకుని ఆ స్తంభం పక్కగానే ఇంటికి వస్తుంది. తల ఎత్తదు. ఎత్తకపోయినా ఆ కొస ఊగుతోందో లేదో ఆమెకు తెలుస్తూనే ఉంటుంది. ఆ రోజు వాకిట్లో గంప దించబోతే గడప ముందు ఒక జీపు, జీపు పక్కన ప్యాంటు చొక్కా వేసుకున్న ఒక అమ్మాయి, ఆ అమ్మాయి కాళ్ళ దగ్గర ఒక ఇనప్పెట్టె కనిపించాయి.

పేరు బిందు అని చెప్పింది. వరంగల్ వైపు కాలేజీలో మోటార్ల మీద పరిశోధన చేస్తోందట. లైను కొసన ఉన్న ఊళ్ళలో ఒక ఫేజు పోయినా మోటారు కాలిపోకుండా, మనిషికి ప్రమాదం రాకుండా నడిపించే పెట్టె ఒకటి తయారుచేసిందట. కాలేజీలో బాగానే నడిచింది కాని ఇంత చెడ్డ కరెంటు కాలేజీలో దొరకదు కదా అని నవ్వింది. రెండు ఫేజుల మీద కండెన్సర్ పెట్టి నడిపే మోటారు ఈ చుట్టుపక్కల సోమక్కదొక్కటేనని ఊరి పెద్ద సుక్కా చెబితే వెతుక్కుంటూ వచ్చింది.

"ఆ మోటరు నడుస్తలేదు బిడ్డా," అంది సోమక్క.

"కాలిపోయిందా అక్కా?"

"కాలలే. నేను ఏస్తలేను."

ఎందుకని బిందు అడగలేదు. ఇంటాయన సీతారాములు స్తంభం మీద పోయాడని జీపు డ్రైవరు చెప్పే ఉంటాడు. కళ్ళు దించుకుని, పెట్టె పిడి పట్టుకుని ఊరికే నిలబడింది. పరామర్శకు వచ్చిన వాళ్ళందరి కంటే ఆ నిలబడటమే సోమక్కకు నచ్చింది. పైగా మిర్చి మడి కళ్ళ ముందే ఎండిపోతోంది. ఉన్న నాలుగు కాయలూ చెట్టు మీదే వడలిపోతుంటే చూస్తూ కూర్చోవడం ఆమెకు చేతకావడం లేదు.

"నువ్వే ఏసుకో. నేనైతే ముట్ట," అని బిందుకు మంచం వాల్చింది.

సాయంత్రం సుక్కా వచ్చాడు. వచ్చిన పిల్లకు చోటు దొరికిందా అని అడిగాడు గాని, ఆయన వచ్చింది అందుకు కాదు. ఆవపల్లి సంత అయిన మర్నాడు పెద్దలు కూర్చుంటారు. ముసలి హుంగేను ఊళ్ళో ఉంచాలా, పంపాలా అనేది ఆ రోజు తేలిపోతుంది. "నీకు జరిగిన కష్టం. నీ మాట మీదనే ఉంటది," అని చెప్పి, సోమక్క ఇచ్చిన నీళ్ళు తాగి వెళ్ళాడు.

ఆ కష్టం ఎలా జరిగిందో ఊరందరికీ కంఠతా వచ్చు. స్తంభం దగ్గర నీలం ఫేజు తీగ తెగి వేలాడుతోంది. లైన్‌మన్ కింద కూలికి పనిచేసే సీతారాములు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆ ఒక్క ఫేజు ఫ్యూజు పీకి, పింగాణీ ముక్కను చొక్కా జేబులో వేసుకుని స్తంభం ఎక్కాడు. ఆయన ఎప్పుడూ అంతే. కింద పెడితే ఎవడో ఒకడు తన ఇంట్లో బల్బు వెలగలేదని తెచ్చి దోపేస్తాడు. మిగతా రెండు ఫేజులూ తీస్తే ఊరంతా మీద పడుతుంది. "ఫీజు నా జేబుల ఉన్నంతసేపు ఆ తీగ సచ్చినట్టే," అనేవాడు. పైకి పోయి ఆ చచ్చిన తీగనే పట్టుకున్నాడు, పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే బిగుసుకుపోయాడు.

అప్పుడు మంగల్ గట్టు మీద మేకలు కాస్తున్నాడు. వాగు అవతల ఒంటరిగా ఉండే దొర్ల తెగ ముసలమ్మ హుంగే పరుగెత్తుకుంటూ వచ్చి సోమక్క మోటారు కొట్టంలో దూరడం చూశాడు. స్టార్టర్ డబ్బా మీద చెయ్యి వేయడం చూశాడు. చెయ్యి పడగానే సీతారాములు పైనుంచి జారి బండ మీద పడటం చూశాడు. మంగల్ అబద్ధమాడే మనిషి కాడు. ఫ్యూజు శవం జేబులోంచే దొరికింది. కరెంటు లేని తీగ చంపింది, ముసలిది డబ్బా ముట్టుకోగానే మనిషి పడ్డాడు. ఇది చేతబడి కాకపోతే మరేమిటని అడిగితే జవాబు చెప్పగలవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

సోమక్క ఆ వేళకు ఇంట్లో ఉంది. మోటారు వేసి, మిర్చి మడికి నీళ్ళు మళ్ళించి, ఆయన దిగేలోపల జావ కాచి పెడదామని వచ్చింది. కేక విని పరుగెత్తితే అప్పటికే అంతా అయిపోయింది. మోటారు ఆగి ఉంది, స్టార్టర్ హ్యాండిల్ కిందికి ఉంది, కొట్టం గుమ్మంలో హుంగే నిలబడి ఉంది. ఎందుకొచ్చావని ఎంతమంది నిలదీసినా ముసలిది నోరు విప్పలేదు. ఆనాటి నుంచీ ఆమె దగ్గర ఎవరూ నిప్పు తీసుకోరు, నీళ్ళు తాగరు. ఇప్పచెట్ల కింద ఆమె కూర్చున్న వైపుకు ఎవరూ పోరు. ఒకసారి హుంగే తన నీళ్ళ సొరకాయ బుర్ర చాపితే సోమక్క దాన్ని తోసేసింది. నీళ్ళన్నీ నేలపాలయ్యాయి. హుంగే మీద ఆ కోపమే లేకపోతే సోమక్క ఎప్పుడో మంచం పట్టేది.

*

మర్నాడు బిందు మోటారు కొట్టంలో చాప పరిచి సామాను విప్పింది. తన పెట్టె బిగించే ముందు పాత పద్ధతిలో ఎలా నడుస్తుందో కొలుచుకోవాలట. సోమక్క గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కండెన్సర్ మీద దుమ్ము, దాని తీగలకు సీతారాములు చుట్టిన నల్ల టేపు, టేపు కొసన ఆయన పంటిగాటు అలాగే ఉన్నాయి. బిందు హ్యాండిల్ పైకెత్తింది.

రెండు ఫేజుల మీద మోటారు వెంటనే తిరగదు. ముందు గుర్రుమంటుంది. మాట మొదలుపెట్టే ముందు సీతారాములు గొంతు సవరించుకునేవాడే, అచ్చంగా అదే చప్పుడు. ఆయన పోయాక మోటారు ఆగే ఉన్నా సోమక్కకు ఆ గుర్రు వినబడుతూనే ఉంది. ఇప్పపూలు తిరగేస్తుంటే వినబడింది, రోకటి పోటు మధ్యలో వినబడింది. ఏదో చెప్పబోయి చెప్పకుండా ఆగిపోయినట్టు ఉండేది. ఇప్పుడు ఎదురుగా, నిజంగా వినేసరికి ఆమె రెండు చెవులూ మూసుకుని గట్టు మీద కూర్చుండిపోయింది.

మోటారు అందుకుంది. గొట్టం రెండుసార్లు దగ్గి ఎర్రనీళ్ళు కక్కింది, తర్వాత తేట నీళ్ళు పడ్డాయి. బోదెలో నీళ్ళు పాకి మొదటి మిర్చి వరుస తడిసింది. సోమక్క లేచి పార అందుకుని మడవ మార్చింది. ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే మడవ కట్టింది.

లోపల బిందు మీటరు చూస్తూ కనుబొమలు ముడిచింది, మళ్ళీ చూసి నవ్వింది, ఇంకోసారి తీగ మార్చి చూసింది. ఆ నవ్వు చూసి కొత్తింట్లో పాలు పొంగాయేమో అనుకోవాలి, అంత సంబరం.

"అక్కా, ఒకసారి రండి. ఇది మీకు తప్పకుండా తెలియాలి," అని పిలిచింది.

హోల్డరుకు రెండు వైర్లు కట్టిన మామూలు బల్బు ఒకటి చేతిలో ఉంది. ఒక వైరు పంపు ఇనప గొట్టానికి బిగించింది. రెండోదాని చివరను స్టార్టర్‌లో నీలం ఫేజు మరమేకుకు ఆనించబోతూ ఆగింది.

"ఈ ఫేజుకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజే లేదు కదా?"

"లేదు. ఆ ఫీజు మా ఇంట్ల గూట్ల ఉన్నది."

"అంటే ఈ తీగ చచ్చిపోయినట్టే అనుకుంటారు కదా మీరందరూ. చూడండి."

ఆనించింది. బల్బు వెలిగింది.

పొలంలో పట్టపగలు వెలిగిన ఆ బల్బు కేసి సోమక్క చూస్తూ ఉండిపోయింది. బిందు ఉత్సాహంగా చెప్పుకుపోయింది. రెండు తీగలతో తిరిగే మోటారు మూడోదాన్ని తనే పుట్టిస్తుందట. పుట్టించి ఊరుకోకుండా దాన్ని వెనక్కి, వచ్చిన దారినే లైనులోకి తోస్తుందట. ఫ్యూజు పీకినా లాభం లేదు, మోటారు తిరుగుతున్నంతసేపూ స్తంభం మీద తీగ బతికే ఉంటుంది. ఆ వెనక్కి పోయేదాన్ని కోసెయ్యడమే తన పెట్టె చేసే పని. పెట్టె బిగించేదాకా ఎవరూ ఆ తీగ జోలికి పోవద్దని ఊళ్ళో చెప్పండి అంది.

సోమక్క చేతిలోని పార నేలకు ఆనించింది.

"మోటరు ఆపితే?"

"ఆపితే ఇంకేముంది, చూడండి," అని బిందు హ్యాండిల్ కిందికి లాగింది. బల్బు ఆరిపోయింది.

సోమక్కకు బిందు చెయ్యి కనబడలేదు. ముడతలు పడి, గాజుల్లేని హుంగే చెయ్యి కనబడింది. అది డబ్బా మీద పడటం, పైన తీగ సీతారాములును విడిచిపెట్టడం. మంగల్ చూసింది ప్రతి ముక్కా నిజమే. విడిపించడానికి వచ్చిన చెయ్యిని చంపిన చెయ్యి అనుకున్నారు. మరి చంపిన చెయ్యి ఏదో ఆలోచించడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. తన కుడిచేతిని పారకర్ర మీంచి తీసి కొంగుతో తుడుచుకుంది.

ఒంట్లో బాగాలేదా అని బిందు అడిగింది. ఎండ అని చెప్పి సోమక్క ఇంటికి వచ్చేసింది.

ఆ పొద్దు స్తంభం ఎక్కబోయే ముందు సీతారాములు గొంతు సవరించుకుని, "నేను దిగేదాక మోటరు ఎయ్యకు, ఉండు," అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆయనకు మాత్రం తెలుసా? పెద్ద లైన్‌మన్ ఎవరో అలా చేయమంటే చేసేవాడు, అంతే. మిర్చి చెట్లు తల వేలాడేస్తున్నాయి. ఆయన పట్టుకునే తీగకు ఫ్యూజు లేదు, మోటారు నడిచేది మిగతా రెండింటి మీద. ఆయన తీగ ఆయనది, నా తీగలు నావి, ఇందులో ఆయనకొచ్చే నష్టమేమిటనుకుంది. అనుకుని హ్యాండిల్ ఎత్తింది. ఆ మాట ఆయన అన్నట్టు ఈ లోకంలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

*

ఆ తర్వాతి రోజుల్లో బిందు తన పెట్టె బిగించింది, కొలిచింది, విప్పింది, మళ్ళీ బిగించింది. మిర్చికి నీళ్ళు అందాయి, ఆకు తేరుకుంది. సోమక్క వండి పెడుతోంది గాని తాను ముద్ద మింగలేకపోతోంది. మోటారు గుర్రుమన్నప్పుడల్లా ఆయన గొంతు సవరించుకుంటున్నాడు. చెప్పబోయి ఆగిపోయిన మాట ఏమిటో ఇప్పుడు ఆమెకు తెలుసు. ఉండు అంటున్నాడు.

నోరు మూసుకుంటే ఎవరూ అడగరు. బిందుకు సగమే తెలుసు, రేపో ఎల్లుండో పోతుంది. హుంగేను పంపేస్తే జగర్గుండా వైపు ఆమె తమ్ముడి కొడుకు ఉన్నాడంటారు, వాడు ఇంత గంజి పోయకపోడు. ఎలాగూ రేపో మాపో రాలిపోయే ప్రాణం. ఇలా తనకు తాను ఎంత సర్దిచెప్పుకున్నా, ఆ చెప్పుకోవడం పూర్తయ్యేలోపలే సోమక్కకు తన మీద తనకే అసహ్యం వేసేది.

సంత రోజు ఇప్పపూలు అమ్ముకుని ఆవపల్లి నుంచి నడిచి వస్తుంటే ముందు హుంగే పోతోంది. సంతలో కూడా ఆ చివర, అందరికీ దూరంగా చింతపండు పోసుకుని కూర్చుంది. ఊరివాళ్ళు చూపించి చెప్పారేమో, పరాయి ఊళ్ళవాళ్ళూ ఆమె దగ్గర కొనలేదు. అంతా మోసుకుని వెనక్కి తెస్తోంది. అడుగుల చప్పుడు విని తిరిగి చూసింది. సోమక్కను చూడగానే కావడి దించి, బాట దిగి ముళ్ళపొదలోకి తప్పుకుని, మొహం అటు తిప్పుకుని నిలబడింది. తన గాలి సోక్కుండా ఆమెను పోనివ్వడానికి.

"నువ్వే ముందు పో అవ్వా," అంది సోమక్క.

హుంగే కదల్లేదు. ముల్లు గీసుకుని కాలిపిక్క మీద రక్తం వస్తోంది. దాన్ని తుడుచుకోవడానికైనా వంగలేదు. ఆఖరికి సోమక్కే తలవంచుకుని ముందుకు నడిచింది. వంక తిరిగేదాకా వెనక కావడి ఎత్తుకున్న చప్పుడు వినిపించలేదు.

ఇంటికి రాగానే బిందును ఒక సాయం అడిగింది. రేపు పొద్దున పెట్టె విప్పుకుని పోయే ముందు మోటారుకు పాత కండెన్సర్ తీగలు మళ్ళీ కట్టాలి, ఆ బల్బును నీలం ఫేజుకు చెయ్యి తగలకుండా గట్టిగా బిగించి ఉంచాలి.

"ఎందుకక్కా?"

"ఊరోళ్ళకు సూపిస్త."

ఊరందరికీ తెలియడం ఎంతో మంచిదని బిందు సంతోషంగా ఒప్పుకుంది.

*

పెద్దలు తన చేను దగ్గరే కూర్చోవాలని సోమక్క కబురు పెట్టింది. కష్టం జరిగిన మనిషి కోరిక కాబట్టి సుక్కా కాదనలేదు. మోటారు కొట్టం ముందు మగవాళ్ళు గుండ్రంగా కూర్చున్నారు, ఆడవాళ్ళు గట్టు మీద నిలబడ్డారు. హుంగేను తెచ్చి మధ్యలో కూర్చోబెట్టారు. ఆమె చుట్టూ ఎడం ఉంచారు. బిందు సామాను జీపులో పెట్టేసి, చూసిపోదామని తలుపు పట్టుకుని నిలబడింది.

మంగల్ తాను చూసింది మళ్ళీ చెప్పాడు. ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. సుక్కా సోమక్క వైపు చూశాడు.

ఆమె రొంటిన దోపుకున్న పింగాణీ ఫ్యూజు తీసి ఆయన ముందు నేల మీద పెట్టింది.

"ఇది ఆయన జేబుల దొరికింది. మీరంత సూసిన్రు. నీలం తీగకు ఇయ్యాల గూడ ఫీజు లేదు. మంగల్, పోయి సూసిరా."

మంగల్ ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోయి వచ్చి, లేదని తల ఊపాడు. సోమక్క కొట్టంలోకి నడిచింది. ముట్టనన్న హ్యాండిల్ పట్టుకుని పైకెత్తింది. మోటారు గుర్రుమంది. ఆమె చెయ్యి తీయలేదు, చెవులు మూసుకోలేదు. మోటారు అందుకుంది, చచ్చిన తీగకు కట్టిన బల్బు వెలిగింది.

కూర్చున్నవాళ్ళు లేచారు. వెనకున్నవాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. ఎవరో దొర్ల భాషలో ఏదో అన్నారు, సుక్కా చెయ్యెత్తి ఆపాడు.

"మోటరు తిరుగుతుంటే ఫీజు లేని తీగల గూడ కరెంటు పోతది. ఆ పొద్దు గట్లనే పోయింది," అంది సోమక్క. తర్వాత హుంగే దగ్గరికి పోయి వంగింది. "అవ్వా, లే. ఆ పొద్దు చేసినట్టే చెయ్యి."

హుంగే ఆమె కళ్ళలోకి చూసింది. వద్దన్నట్టు మెల్లగా తల ఊపింది. సోమక్క ఆ చెయ్యి పట్టుకుని లేపి, కొట్టంలోకి నడిపించి, హ్యాండిల్ మీద పెట్టి, దాని మీద తన చెయ్యి వేసి కిందికి లాగింది. బల్బు ఆరిపోయింది. మోటారు తిరిగి తిరిగి ఆగింది.

"తీగ ఆయన్ను పట్టుకున్నది. ఈమె విడిపించింది," అంది.

మంగల్ తల దించుకున్నాడు. సుక్కా నేల మీది ఫ్యూజును తీసి, తిప్పి చూసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. ఆయన అడగక తప్పని ప్రశ్న ఒకటి మిగిలింది.

"మరి ఆ పొద్దు మోటరు ఎవరేసిన్రు?"

"నేనే," అంది సోమక్క. "దిగేదాక ఉండమన్నడు. నేను ఉండలే."

జీపు దగ్గర బిందు చెయ్యి తలుపు మీంచి జారిపోయింది. తాను నవ్వుతూ చూపించింది ఎవరికో ఆ పిల్లకు అప్పుడు అర్థమైంది.

పెద్దలు తీర్పు చెప్పలేదు. చెప్పడానికి ఏమీ మిగల్లేదని కాబోలు, ఒకరి వెనక ఒకరు లేచి వెళ్ళారు. వచ్చినవాళ్ళకని సోమక్క కుండలో నింపి పెట్టిన నీళ్ళు ఎవరూ ముట్టలేదు. ఆడవాళ్ళు గట్టు దిగి, కొట్టానికి దూరంగా చుట్టు తిరిగి పోయారు. బిందు వచ్చి సోమక్క రెండు చేతులూ పట్టుకుని, వదిలి, జీపెక్కింది. చివరికి ఫ్యూజు, బల్బు, హుంగే, సోమక్క మిగిలారు.

"నీకు తెలుసు," అంది సోమక్క. "ఎందుకు చెప్పలే?"

"మోటరు సప్పుడు ఇని ఉరికొచ్చిన, డబ్బా బందు చెయ్యంగనే తీగ వదిలె. నాకు తెల్వదా," అంది హుంగే. "చెప్తే ఎవరేసిన్రని అడుగుతరు. నేను ముసల్దాన్ని, ఎల్లగొడితే పోత. నువ్వు ఏడికి పోతవ్?"

సోమక్క కొట్టం గోడకు ఆనుకుని కూలబడింది. ఆయన పోయిన రోజున రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. హుంగే ఓదార్చలేదు. పక్కన కూర్చుని, అది అయ్యేదాకా ఉంది.

మర్నాడు పొద్దున సోమక్క ఇప్పచెట్టు కిందికి వెళ్ళేసరికి అక్కడ పూలేరుతున్న ఆడవాళ్ళు గంపలు ఎత్తుకుని పక్క చెట్టుకు మారారు. తిట్టలేదు. ఆమె ఒక్కతే వంగి ఏరడం మొదలుపెట్టింది. దూరంగా స్తంభం మీద తువ్వాలు కొస గాలికి లేచింది. ఎక్కడో గుర్రుమని ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆ చప్పుడు తనను విడిచిపోతుందని ఆమె ఆశపడింది గాని, పోలేదు. ఇక పోదని కూడా అర్థమైంది.

హుంగే వచ్చి చెట్టుకు అవతలి పక్క గంప దించింది. కాసేపు ఏరి, నడుం పట్టుకుని లేచి, సొరకాయ బుర్ర మూత తీసి సోమక్క వైపు చాపింది. పక్క చెట్టు కింద చేతులు ఆగిపోయాయి. సోమక్క రెండు చేతులతో బుర్ర అందుకుని, ఎత్తి తాగింది, సగం ఉంచి తిరిగి ఇచ్చింది. మిగిలింది హుంగే తాగింది. ఎండ ఎక్కేలోపల చెట్టు కింద ఇంకా చాలా పూలు ఏరాల్సి ఉంది.